లెక్చరరూ విద్యార్థీ కలిసి వెళ్లాలి

వేసవి వచ్చిందంటే మన డిగ్రీ కాలేజీ లెక్చరర్లకు స్పాట్ వాల్యుయేషన్, అది అయ్యాక అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగడం. చాలా ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినవాణ్ని కనుక ఆ రెండూ నాకు బాగా తెలుసు. అందుకే అమెరికా ఇంధన శాఖ నడిపే ఒక వేసవి పథకం మీద నాకు అంత మక్కువ. పరిశోధన వసతులు అంతగా లేని కాలేజీ అధ్యాపకుడు పది వారాలు ఒక జాతీయ ప్రయోగశాలలో పనిచేయవచ్చు. వెంట తన విద్యార్థుల్ని ఇద్దరి దాకా తీసుకెళ్లవచ్చు. వాళ్లకూ భత్యం ఇస్తారు.

ఇలా జట్టుగా వెళ్లడం ఎంత అవసరమో మెదడును చిత్రించే కెమిస్ట్రీలో బాగా తెలుస్తుంది. న్యూయార్క్ రాష్ట్రం లాంగ్ ఐలాండ్‌లోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల ఈ విద్యకు పుట్టిల్లు. ఆల్ఫ్రెడ్ వుల్ఫ్, జోవానా ఫౌలర్‌ల బృందంలో చేరిన జపాన్ రసాయనవేత్త తత్సువో ఇదో 1976 నాటికి అక్కడ ఎఫ్‌డీజీని తయారుచేశారు. గ్లూకోజ్‌లో రెండో కార్బన్ మీది హైడ్రాక్సిల్ స్థానంలో రేడియోధార్మిక ఫ్లోరిన్-18 ఉన్న అణువు అది. మెదడు కణం దాన్ని గ్లూకోజ్ లాగే లోపలికి తీసుకుని ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఆ తర్వాతి మెట్టుకు కావాల్సిన హైడ్రాక్సిల్ లేదు కాబట్టి అది కణంలోనే ఇరుక్కుపోతుంది. ఎక్కడ ఎక్కువ పోగుపడితే అక్కడ మెదడు ఎక్కువ ఇంధనం వాడుతున్నట్టు లెక్క. ఆ ఏడాది ఆగస్టులో ఆ మందును విమానంలో ఫిలడెల్ఫియాకు చేరవేసి తొలిసారి మనిషికి ఇచ్చారు. ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలే మరి! ఇలాంటి పనికే వాడే కార్బన్-11 అయితే ఇరవై నిమిషాలే. గంట గడిచేసరికి మిగిలేది ఎనిమిదో వంతు.

మామూలు ఆర్గానిక్ ల్యాబులో రియాక్షన్‌ను రాత్రంతా తిరగనిచ్చి పొద్దున్నే వచ్చి చూసుకుంటాం. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. అసలు పనికి ముందు రేడియోధార్మికత లేకుండా అదే రియాక్షన్ చేసి చూస్తారు, దాన్ని కోల్డ్ రన్ అంటారు. ఏ వాల్వు లీకవుతోందో, ఏ గొట్టం బిగుసుకుందో అప్పుడే బయటపడాలి. సీసపు గోడల హాట్ సెల్‌లోకి ఫ్లోరిన్-18 ఫ్లోరైడ్ రూపంలో వచ్చాక ఎసిటోనైట్రైల్ పోసి తడి మొత్తం ఆవిరి చేస్తారు. నీటి అణువులు చుట్టూ ఉంటే ఫ్లోరైడ్ కదిలిరాదు. తర్వాత అది మానోజ్ ట్రైఫ్లేట్ అనే అణువు మీద వెనక నుంచి దాడి చేస్తుంది. ట్రైఫ్లేట్ ఊడిపోతుంది, ఆ కార్బన్ తిరగబడుతుంది, మానోజ్ ఆకృతి గ్లూకోజ్ ఆకృతి అవుతుంది. ఈ పద్ధతి 1986లో జర్మనీలోని యూలిష్ నుంచి వచ్చింది. గాలికి తిరగబడ్డ గొడుగు బొమ్మ వేసి ఏళ్ల తరబడి మేం బోర్డు మీద చెప్పిన వాల్డెన్ ఇన్వర్షన్ ఇదే! దాని మీద ఒక రోగి స్కాన్ ఆధారపడి ఉందని తెలిసిన విద్యార్థి ఆ పాఠాన్ని మరచిపోడు.

ఒకరు రియాక్షన్ జరిగే మాడ్యూల్‌ను నడుపుతుంటే ఇంకొకరు సమయం చదువుతూ రాసుకోవాలి. మరొకరు పీహెచ్ కాగితం, టీఎల్‌సీ పట్టీ పట్టుకుని ఆమ్లత, శుద్ధత చూడాలి. లెక్చరర్‌కూ ఈ పని కొత్తే కనుక విద్యార్థి పక్కన నిలబడి తనూ నేర్చుకుంటాడు. ఆ దృశ్యం మన కాలేజీల్లో ఎంత అరుదో! విద్యార్థి ఒక్కడే వెళ్తే సర్టిఫికెట్ తెచ్చుకుని పై చదువుకు వెళ్లిపోతాడు. లెక్చరర్ కూడా వెళ్తే ఆ విద్య కాలేజీలో నిలుస్తుంది, తర్వాతి బ్యాచ్‌కి అందుతుంది.

ఈ కెమిస్ట్రీ మనిషి బతుక్కి దూరమైనదీ కాదు. పొగతాగేవారి మెదడులో ఎంఏఓ-బి అనే ఎంజైము సుమారు 40 శాతం తక్కువగా ఉంటుందని ఫౌలర్ బృందం 1996లో చూపించింది, ఇలాంటి అణువులతోనే.

మన దేశంలోనూ మూడు సైన్స్ అకాడమీలు కలిసి విద్యార్థులకు, అధ్యాపకులకు రెండు నెలల వేసవి ఫెలోషిప్‌లు ఇస్తున్నాయి. మంచి పథకం. కాకపోతే ఎవరి దరఖాస్తు వారిదే. లెక్చరర్, ఇద్దరు విద్యార్థులు ఒకే జట్టుగా దరఖాస్తు చేసుకునే వీలు అకాడమీలు కల్పించాలి. ఎంపికైన లెక్చరర్‌ను ఆ వేసవికి వాల్యుయేషన్ డ్యూటీ నుంచి విశ్వవిద్యాలయాలు తప్పించాలి. అంతవరకూ లెక్చరర్ మిత్రులకు నా మనవి: మీరూ అప్లై చేయండి, మీ పిల్లలతోనూ చేయించండి. గడువు మామూలుగా ముందు ఏడాది చివర్లోనే ముగిసిపోతుంది, వేసవి దాకా ఆగకండి.