మూడు తీగల మర్యాద

రిమోట్ విమానం రెక్కల, తోక పలకలను కదిపే పరికరం సర్వో. దాని తీగ చివర చిటికెన వేలి గోరంత నల్లటి ప్లగ్గు ఉంటుంది. ప్లగ్గు ముఖాన మూడు చదరపు రంధ్రాలు, ఒకదానికీ మరోదానికీ మధ్య 2.54 మిల్లీమీటర్లు. ఫుటాబా వాళ్ళ సర్వో అయితే తీగలు నలుపు, ఎరుపు, తెలుపు. హైటెక్ అయితే నలుపు, ఎరుపు, పసుపు. జేఆర్ అయితే గోధుమ, ఎరుపు, నారింజ. రంగులు ఎన్ని మారినా ఎరుపు మాత్రం నడుమనే ఉంటుంది. రిమోట్ విమానాల సరంజామాలో నాకు అన్నిటికంటే ముచ్చటైన పనితనం కనిపించేది ఇక్కడే.

ఆ ప్లగ్గును పొరపాటున తిరగేసి గుచ్చారనుకోండి. సంకేతం తీగ, నెగెటివ్ తీగ తారుమారవుతాయి. పాజిటివ్ నడుమ ఉంది కనుక తన చోట తానుంటుంది. సర్వో కదలదు, అంతే. పొగ రాదు, వాసన రాదు. తీసి సరిగ్గా పెడితే మళ్ళీ పనిచేస్తుంది. ఈ ఏర్పాటు విలువ తెలియాలంటే పాత ఎయిర్‌ట్రానిక్స్ సర్వోలను తలుచుకోవాలి. వాటిలో పాజిటివ్, నెగెటివ్ తీగల చోట్లు మారి ఉండేవి. చూసుకోకుండా వేరే కంపెనీ రిసీవర్‌కు తగిలిస్తే సర్వో మీద ఆశ వదులుకోవాల్సిందే. తర్వాత ఆ కంపెనీ కూడా అందరి దారికే వచ్చింది.

జంషెడ్‌పూర్‌లోని సోనారిలో ఉండేవాళ్ళకు ఈ సంగతి ఉట్టి సాంకేతిక వినోదం కాదు. ఇక్కడ తలెత్తితే శిక్షణ విమానాలు కనిపిస్తాయి. టాటా స్టీల్ విమానాశ్రయం ఊళ్ళోనే, సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే దోముహాని దగ్గరే ఉంది. జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగిన తెలుగు ఇళ్ళ పిల్లలకు విమానం దూరపు వస్తువేమీ కాదు. ఆ మోజుతో బాల్సా చెక్కో, ఫోమ్ షీటో కోసి బొమ్మ విమానం కట్టాలనుకున్నవాడికి సామాను ఒకే కంపెనీది దొరకడం అరుదు. ట్రాన్స్‌మిటర్ ఎవరో అన్నయ్య వాడి వదిలేసిందై ఉంటుంది. సర్వోలు ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చినవి. రిసీవర్ ఇంకెక్కడిదో. పెద్ద నగరంలో కొట్టుకెళ్ళి మొత్తం ఒకే పెట్టెలో కొనేవాడికి పట్టని ప్రశ్న ఇక్కడ మొదటి ప్రశ్న అవుతుంది: దేనికి ఏది కలుస్తుంది?

తీగ దాటి లోపలికి వెళ్తే కలయిక ఇంకా బాగుంటుంది. రిసీవర్ సర్వోకు పంపేది ఒక చిన్న విద్యుత్ స్పందన. సుమారు 1 మిల్లీ సెకను నిడివి ఉంటే ఒక కొసకు, 2 ఉంటే రెండో కొసకు, 1.5 ఉంటే నడిమికి. సెకనుకు 50 సార్లు అదే మాట చెబుతుంది. సర్వో లోపల చిన్న మోటారు, పళ్ళచక్రాలు, వాటితో పాటు తిరిగే పొటెన్షియోమీటర్ ఉంటాయి; బయట ఇరుసుకు ఒక చెయ్యి ఉంటుంది. వచ్చిన స్పందన నిడివినీ, తన చెయ్యి ఇప్పుడున్న చోటునూ పోల్చుకుని, తేడా పోయేదాకా మోటారు తిప్పుతుంది. 1960ల్లో అమెరికాలో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది. ట్రాన్సిస్టర్ల కాలంలో పుట్టింది, నేటి డిజిటల్ సర్వోలోనూ చెల్లుతోంది. ఫుటాబా నడిమి 1520 మైక్రో సెకన్లు, జేఆర్ నడిమి 1500. తేడా 20 మైక్రో సెకన్లు. చెయ్యి మీద చూస్తే సుమారు రెండు డిగ్రీలు. ట్రిమ్ కొన్ని క్లిక్కులు నొక్కితే మాయం.

అయితే పైపై పోలిక చూసి మోసపోకూడదు. హెలికాప్టర్ తోక కోసం చేసిన కొన్ని సర్వోల నడిమి 760 మైక్రో సెకన్లు. ప్లగ్గు అదే, తీగ రంగులు అవే. మామూలు రిసీవర్‌కు పెడితే ఒక కొసకు వెళ్ళి అక్కడే మోటారు గింజుకుంటూ వేడెక్కుతుంది. వోల్టేజీ సంగతీ అంతే. 4.8 నుంచి 6 వోల్టులకు చేసిన సర్వోను పూర్తిగా ఛార్జయిన రెండు సెల్లుల లిపో బ్యాటరీకి, అంటే 8.4 వోల్టులకు, నేరుగా కలిపితే అది మాట్లాడకుండా చచ్చిపోతుంది. మూడు తీగల మర్యాద తిరగేసి గుచ్చేవాడిని కాస్తుంది గానీ, లేబుల్ చదవనివాడిని కాయదు.

సర్వో చెయ్యి దగ్గర మాత్రం కంపెనీలు పంతానికి పోయాయి. ఇరుసు మీద ఫుటాబాకు 25 పళ్ళు, హైటెక్‌కు 24, జేఆర్‌కు 23. ఒకదాని చెయ్యి మరోదానికి ఎక్కదు, లేదా ఎక్కినట్టే ఎక్కి గాలిలో జారిపోతుంది. దీనికి ఇంజనీరింగ్ కారణం నాకైతే ఏమీ కనిపించదు. ఫుటాబా ప్లగ్గుకు ఒక పక్క సన్నటి రెక్క కూడా ఉంటుంది. వాళ్ళ రిసీవర్‌లో తిరగేసి దూరకుండా కాపాడేది అదే. వేరే రిసీవర్‌లో పెట్టాలంటే ఆ రెక్కను బ్లేడుతో చెక్కేయాలి. చాలామంది అదే చేస్తారు. మంచి రక్షణను మనమే కోసేసుకుంటున్నామని నాకు కొంచెం బాధే.

రిసీవర్ మీద వరసలూ వేరు. ఫుటాబా మొదటి చానెల్ ఎయిలెరాన్. జేఆర్, స్పెక్ట్రమ్‌లలో మొదటిది థ్రాటిల్. ఫుటాబా థ్రాటిల్ దిశ కూడా మిగతావాళ్ళకు తలకిందులు. ఆ ట్రాన్స్‌మిటర్‌తో ఎలక్ట్రిక్ మోటారు నడపాలంటే ముందు థ్రాటిల్ చానెల్‌ను రివర్స్ చేయాలి, లేకపోతే స్పీడ్ కంట్రోలర్ అసలు మేలుకోదు.

తీగల దాకా ఇంత కలిసిమెలిసి ఉన్నవాళ్ళు గాలిలోకి వచ్చేసరికి ఎవరి గోడ వారు కట్టుకున్నారు. సంకేతం కోసం ఫ్రీక్వెన్సీని జరిపే దిశను షిఫ్ట్ అంటారు. 72 మెగాహెర్ట్జ్ రోజుల్లో ఫుటాబా, హైటెక్‌లది నెగెటివ్ షిఫ్ట్. జేఆర్, ఎయిర్‌ట్రానిక్స్‌లది పాజిటివ్. షిఫ్ట్ మార్చుకునే వీలున్న ట్రాన్స్‌మిటర్ ఉంటే స్పందనల నిడివితోనే మాట్లాడే సాధారణ పీపీఎం రిసీవర్లన్నీ వినేవి. సంకేతాన్ని అంకెలుగా మార్చి పంపే పీసీఎం వచ్చాక ఆ తలుపూ మూసుకుంది. తర్వాత 2.4 గిగాహెర్ట్జ్ కాలం. మన దేశంలో తక్కువ శక్తి పరికరాలకు ఆ బ్యాండ్‌లో లైసెన్స్ అక్కర్లేదని 2005లో నిబంధనలు వచ్చాయి. కానీ ప్రొటోకాల్ కంపెనీకొకటి: స్పెక్ట్రమ్ డీఎస్ఎం, ఫుటాబా ఫాస్ట్, ఫ్లైస్కై వాళ్ళది ఇంకొకటి, ఫ్రస్కై వాళ్ళది మరొకటి. ఫ్రీక్వెన్సీ బ్యాండ్ అందరిదీ ఒకటే, భాష ఎవరిది వారిదే. క్రిస్టల్ కోసం, ఖాళీ చానెల్ కోసం పోట్లాడే బాధ తప్పింది, నిజమే. కానీ ఒక కంపెనీ ట్రాన్స్‌మిటర్ కొన్నవాడు ఆ కంపెనీ రిసీవర్లకే కట్టుబడిపోయాడు.

ఆ గోడలకు కిటికీలు పెట్టింది కంపెనీలు కాదు. ఖాళీ వేళల్లో కూర్చుని కోడ్ రాసి, అందరికీ తెరిచి పెట్టిన అభిరుచిపరులు. వాళ్ళు గమనించింది తేలికైన విషయమే: బ్రాండ్లు చాలా ఉన్నాయి గానీ లోపలి రేడియో చిప్పులు కొన్నే. స్పెక్ట్రమ్ వాడేది సైప్రస్ చిప్పు. ఫ్రస్కై వాడేది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళది. ఫ్లైస్కై వాడేది ఆమికామ్ వాళ్ళది. చవక బొమ్మ డ్రోన్లలో ఎక్కువగా ఉండేది నార్డిక్ చిప్పు, లేదా దాని నకలు. ఈ నాలుగింటినీ ఒకే పలక మీద అమర్చి, పక్కన ఒక మైక్రో కంట్రోలర్ పెట్టి, యాంటెన్నాను ఏ చిప్పుకు కావాలంటే దానికి మళ్ళించే స్విచ్ కలిపితే మల్టీప్రొటోకాల్ మాడ్యూల్ తయారైంది. అది కూర్చునే అర కూడా జేఆర్ పాత ట్రాన్స్‌మిటర్ల వెనక ఉన్న మాడ్యూల్ అర కొలతే. ఒక కంపెనీ తన కోసం చేసుకున్న గూడు అందరి గూడైంది. ఫుటాబా ఎస్-బస్ కూడా అలాగే ఊరందరిదైంది: ఒకే తీగ మీద పదహారు చానెళ్ళు.

పనితనం చూడాలంటే ఈ మాడ్యూల్‌లో ఫ్రీక్వెన్సీ సవరణ అనే చిన్న అమరిక చూడండి. టెక్సాస్ చిప్పుకు తోడుండే క్రిస్టల్ ఏ రెండు పలకల్లోనూ అచ్చంగా ఒకేలా పలకదు, కొన్ని కిలోహెర్ట్జ్‌లు అటూ ఇటూ ఉంటుంది. అసలు కంపెనీ ఆ తేడాను ఫ్యాక్టరీలో సరిచేసుకుంటుంది. బయటివాడి దగ్గర ఆ సదుపాయం లేదు. అందుకని వాడేవాడి చేతికే ఒక అంకె ఇచ్చారు. రిసీవర్ సంకేతం ఏ అంకె దగ్గర అందుకుంటోంది, ఏ అంకె దగ్గర వదిలేస్తోంది చూసి, రెండింటి మధ్య నడిమి అంకె పెట్టుకోవాలి. ఫ్యాక్టరీ పరికరాలు చేసే పనిని ఓపికతో చేయించారన్నమాట. ఫ్రస్కై తన పాత ప్రొటోకాల్‌ను మార్చి పాత రిసీవర్లతో తెగతెంపులు చేసుకున్నప్పుడు కూడా వీళ్ళు పాతదీ కొత్తదీ రెండూ పలికేలా కోడ్ సవరించారు. కంపెనీ వదిలేసిన రిసీవర్‌ను బయటివాళ్ళు బతికించారు. ఈ ముచ్చట ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు.

దీనికీ హద్దులున్నాయి. ఎన్‌క్రిప్షన్‌తో కట్టిన కొత్త ప్రొటోకాళ్ళు కొన్ని ఈ మాడ్యూల్‌కు లొంగలేదు, ఫ్రస్కై యాక్సెస్ అలాంటిదే. మరికొందరు ఇతరుల భాష నేర్చుకునే బదులు తమదే ఒక భాష కట్టారు. ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ అలా వచ్చింది. కోడ్ బహిరంగం, రిసీవర్‌ను ఏ కంపెనీ అయినా చేసి అమ్ముకోవచ్చు. ఈ పోటీలో నా ఓటు దీనికే. ఇతరుల తాళాలకు మారుతాళాలు చేయడం గొప్పే గానీ, తాళమే లేకపోవడం అంతకంటే గొప్ప.

సోనారిలో ఇలాంటిది మొదలుపెట్టేవాళ్ళకు రెండు మాటలు. కొనేటప్పుడు ట్రాన్స్‌మిటర్ బ్రాండ్ ఏదని కాదు, రిసీవర్ ప్రొటోకాల్ ఏదని అడగండి. సర్వో సంగతి తర్వాత సులువుగానే తేలుతుంది. విమానాశ్రయం చుట్టూ ఎనిమిది కిలోమీటర్లలోపు ఎగరేయాలంటే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ముందుగా అనుమతి కావాలి, అది లేకుండా మైదానంలోకి దిగకండి. ఇక వేర్వేరు కంపెనీల సామాను మొదటిసారి కలిపి కరెంటు ఇచ్చే ముందు ప్రొపెల్లర్ ఊడదీయండి. థ్రాటిల్ ఏ దిశలో ఉందో మోటారుకు తెలుస్తుంది గానీ మన వేళ్ళకు ముందుగా తెలియదు.