ఎదురింటి ‘జరిగిన కథ’

వారపత్రికల్లో సీరియల్ చదివే అలవాటున్న వాళ్లకు ‘జరిగిన కథ’ అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. కొత్త భాగానికి ముందు, చిన్న అక్షరాల్లో, నాలుగైదు వాక్యాలు. పోయిన వారం పత్రిక పక్కింటివాళ్లు పట్టుకెళ్లి తిరిగి ఇవ్వలేదనుకోండి, మనకు అదే గతి. కథానాయిక మూడు పేజీల పాటు ఏడ్చిన ఏడుపు అందులో ‘ఆమె మనసు కలత చెందింది’ అన్న ఒక్క ముక్కలో తేలిపోయేది. నా నవల ఒకటి సీరియల్‌గా వస్తున్నప్పుడు ఆ నాలుగు వాక్యాలూ నన్నే రాసివ్వమన్నారు. వాటి కోసం పడ్డ అవస్థ నవల రాయడానికి కూడా పడలేదంటే నమ్మండి. కథ నాకు తెలుసు. ఆ ముక్క చదివే ఆవిడ ఎవరో, ఏ వారం పత్రిక ఎందుకు చదవలేకపోయిందో మాత్రం తెలియదు. అక్కడే వచ్చింది చిక్కు.

ఇప్పుడు ఈ పని యంత్రానికి అప్పజెప్పారు. 2024 నవంబరులో అమెజాన్ వాళ్లు తమ ప్రైమ్ వీడియోలో ‘ఎక్స్‌రే రీక్యాప్స్’ అని ఒకటి తెచ్చారు, ముందుగా అమెరికాలో. సీరియల్ చూస్తూ చూస్తూ మధ్యలో ఆపేశాం. పిల్లల పరీక్షలో, ఇంటికి చుట్టాలో, ఏదో ఒకటి. నెల తర్వాత మళ్లీ పెడితే ఎవరు ఎవరికి ఏమవుతారో ఒక్కటీ గుర్తుండదు. అప్పుడు మీట నొక్కితే, మనం ఎక్కడ ఆపామో చూసుకుని, సరిగ్గా అంతవరకే కథ చెబుతుంది. సీజన్ మొత్తం కావాలంటే సీజన్, సగం ఎపిసోడ్ చాలంటే సగం ఎపిసోడ్. దృశ్యాలనూ, మాటలనూ, కింద పడే అక్షరాలనూ కలిపి చదువుకుని యంత్రమే ఆ సారాంశం రాస్తుందట.

ఇందులో మెచ్చుకోవలసింది లేకపోలేదు. మనం చూడని ముక్క పొరపాటున కూడా బయట పెట్టకుండా దానికి కట్టుబాట్లు పెట్టారు. మా కల్లూరు వీధిలో అంత నిగ్రహం ఉన్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. ‘వద్దు, చెప్పొద్దు, రాత్రికి చూస్తా’ అని చెవులు మూసుకున్నా సరే, ‘ఒక్క ముక్క, ఒక్క ముక్క’ అంటూ ఆ పిల్లకు పెళ్లి చేసి, కాపురం చెడగొట్టి గానీ వదలరు.

ఆ మరుసటి ఏడాది, అంటే 2025 నవంబరులో, రాతతో సరిపెట్టక వీడియో రీక్యాప్స్ అని మొదలుపెట్టారు. బొమ్మలూ, వెనకాల వ్యాఖ్యానమూ అన్నీ యంత్రం కూర్చినవే. నెల తిరగకుండానే తీసేయవలసి వచ్చింది. ‘ఫాల్‌అవుట్’ అనే సీరియల్ గతంలో జరిగే ఘట్టాలు కొన్ని 1950ల నాటి అమెరికావని ఆ వ్యాఖ్యానం చెప్పింది. కథ ప్రకారం అవి 2077లో జరిగేవి. ఆ కథాలోకంలో భవిష్యత్తు కూడా పాతకాలపు కార్లతో, పాతకాలపు గౌన్లతో ఉంటుంది. అదే అందులోని చమత్కారం. యంత్రం ఆ చమత్కారం పట్టుకోలేక, చీర కట్టు చూసి మనిషి వయసు చెప్పినట్టు, గౌన్లు చూసి కాలం చెప్పేసింది. చూసినవాళ్లు ఊరుకుంటారా? గోల చేశారు.

అయితే నా అభ్యంతరం ఆ తప్పు గురించి కాదు. తప్పు ఇవాళ కాకపోతే రేపు దిద్దుకుంటారు. తారీఖులన్నీ సరిగ్గా చెప్పినా సరే, ‘ఇది మీ కోసమే తయారు చేసిన సారాంశం’ అంటే నాకు నమ్మకం కుదరదు. నేను ఎక్కడ ఆపానో దానికి నిమిషాలతో సహా తెలుసు. ఎందుకు ఆపానో?

మాలతీ చందూర్ గారు స్వాతి మాసపత్రికలో ‘పాత కెరటాలు’ రాసేవారు, గుర్తుందా? పెద్ద పెద్ద ఇంగ్లీషు నవలలను కొన్ని పేజీల్లో చెప్పేసేవారు. అవీ సారాంశాలే. కానీ వంటా వార్పూ ముగించుకుని, పిల్లలు నిద్రపోయాక పత్రిక విప్పే ఆవిడ ఆమె కళ్ల ముందు ఉండేది. ‘ప్రమదావనం’లో అలాంటి వాళ్ల ఉత్తరాలకు ఏళ్ల తరబడి జవాబులు రాసిన చెయ్యి కదా అది! ఏ ఘట్టం దగ్గర మనం ఆగి ఊపిరి తీసుకుంటామో ఆ చేతికి తెలుసు.

అంత పెద్దవాళ్ల దాకా ఎందుకు, మా ఎదురింటి వదిన ఉంది. మా వీధికంతటికీ ఆవిడే ‘జరిగిన కథ’. స్టార్ మాలో ‘కార్తీకదీపం’ వచ్చినన్నాళ్లూ ఏడున్నరకు ఎవరి పొయ్యి మీద ఏమున్నా, ఏ ఇంటి కరెంటు పోయినా, మర్నాడు శనక్కాయలు ఒలుస్తూ ఆవిడ చెప్పవలసిందే. ఆవిడ చెప్పే కథలో లోపాలు లేవని కాదు. అత్తలంతా కాస్త మంచివాళ్లయిపోతారు, ఎందుకంటే ఆవిడ ఈమధ్యే అత్తయింది! కోడలు వింటోందంటే మరీను. కానీ అడిగిన మనిషిని బట్టి కథ మారుతుంది. పరీక్షలున్న పిల్లకు రెండు ముక్కలు. పురుడు పోసుకుని పుట్టింట్లో ఉన్న పిల్లకు ఆస్పత్రి ఘట్టాలన్నీ మినహాయింపు.

2021 మే నెలలో కరోనా మా చిన్నాయనను తీసుకుపోయింది. అప్పటినుంచీ చిన్నమ్మ టీవీ మీద గుడ్డ కప్పి పెట్టింది. సంవత్సరీకం అయ్యాక ఓ సాయంత్రం, ఏమనుకుందో, తనే గుడ్డ తీసి పెట్టింది. చూస్తే సీరియల్లో పిల్లలు పెద్దవాళ్లయి తిరుగుతున్నారు. పరుగున ఎదురింటికి పోయింది.

“ఏమ్మే, వంటలక్క కనపడదేమి? డాక్టర్ బాబు యాడికి పోయినాడు?”

ఆ ఏడాది మొదట్లో వాళ్లిద్దరూ కారు ప్రమాదంలో చనిపోయినట్టు చూపించారు. రాష్ట్రమంతా చెప్పుకున్న సంగతి అది. వదిన శనక్కాయల చాట మీదనుంచి తల ఎత్తకుండా, “దూరం ఊరికి పోయినార్లే అత్తా. పిల్లోల్లు పెద్దోల్లయిరి కదా, వాళ్ల కథే నడుస్తాంది” అంది.

ఆ సీరియల్‌కు యంత్రం చేసిన రీక్యాప్ ఉందని నేననడం లేదు. ఉండి ఉంటే ఏం చెప్పేదో ఊహించుకోండి. చిన్నమ్మ ఆపిన రోజు నుంచి లెక్క చూసుకుని, ఒక్క అక్షరం పొల్లు పోకుండా, భార్యాభర్తలిద్దరూ మరణించారని మొదటి వాక్యంలోనే చెప్పేది. నిజమే చెప్పేది, పాపం.

వదిన చేసింది అంతా ఒప్పేనా? నాలుగు రోజులకే కుళాయి దగ్గర ఎవరో అసలు సంగతి చెప్పేశారు. చిన్నమ్మ బిందె అక్కడే దించి వచ్చింది. “నేనేమన్నా చంటిపిల్లనా? సీరియల్లో సచ్చిపోతే సచ్చిపోయినారని చెప్పేదానికి ఏం రోగం నీకు? అందురూ నన్ను చూసి గుసగుసలాడేది చాలక నువ్వు గూడానా?” అని నిలదీసింది. రెండు రోజులు మాటల్లేవు. నేను పన్నెండణాలు వదిన పక్షం. కానీ చిన్నమ్మ అన్న ఆ ఆఖరి ముక్కలో నాలుగణాల న్యాయం ఉంది. దాన్ని నేను కొట్టిపారేయలేను. మనవాళ్లు మన కోసమని దాచిపెట్టిన సంగతులతో ఎంతమంది ఆడవాళ్లం వేగలేదు చెప్పండి! అయినా నిలదీయడానికి అక్కడ ఒక మనిషి ఉంది, తలొంచుకుని వినడానికి.

చిత్రం చూడండి, ఆ ఏడాదే సీరియల్ వాళ్లు వంటలక్కనూ డాక్టర్ బాబునూ మళ్లీ బతికించి తెచ్చారు. “నేను చెప్పలే? ఊరికి పోయినారని!” అని వదిన వీధంతా వినబడేలా అరిచింది. చిన్నమ్మ మూతి తిప్పుకుంది గానీ, ఆ పూట ఎదురింట్లోనే కూర్చుని చూసింది.

తర్వాత ఓసారి నంద్యాలలో పెళ్లికి పోయి రెండు ఎపిసోడ్లు తప్పిపోయింది చిన్నమ్మ. మనవడు ఫోన్లో పెట్టిస్తానంటే వద్దని, చెప్పులు తొడుక్కుని ఎదురింటికి పోయింది.

“రెండు దినాలు సూడలేదు, చెప్పు. ఈసారి అన్నీ చెప్పాల.”

వదిన చాట పక్కన పెట్టి, “ముందు కూర్చో అత్తా. నీళ్లు తాగు” అంది.