దాణా తొట్టి దగ్గర తేలే లెక్క

డెర్బీ వారం వచ్చిందంటే మా భవానీపూర్ టీ కొట్ల దగ్గర మాటల తీరు మారిపోతుంది. జదుబాబు బజార్ పక్కన మట్టి ముంత పట్టుకుని కాసేపు నిలబడితే చాలు. రేసు పుస్తకం మడిచి చంకలో పెట్టుకున్న పెద్దమనుషులు, ఫలానా గుర్రం చివరి ఆరు వందల మీటర్లు ఎన్ని సెకన్లలో లాగిందో చెప్పి, అక్కడికక్కడే దాన్ని గెలిపించేస్తారు. ఈ వారం వాళ్ల చేతుల్లో తిరిగిన ఒక టిప్స్ పుస్తకం చూసి నాకు ఒళ్లు మండింది. పదహారు వందల మీటర్లకు మించి ఎన్నడూ పందెంలో పరిగెత్తని ఒక కుర్ర గుర్రానికి ‘ఎదురు లేదు’ అని రాసిపారేశారు. డెర్బీ దూరం 2400 మీటర్లు. వాళ్లు చూపించిన ఆధారమల్లా పొద్దుటి సాధన పరుగులో గడియారం చెప్పిన ఒక అంకె. ఆ సమయంలో జాకీ పగ్గాలు బిగించి పట్టుకున్నాడా, వదిలేసి తరిమాడా? పక్కన తోడు గుర్రం ఉందా? చెమట ఎక్కడ పట్టింది? వీటి గురించి ఒక్క ముక్క లేదు.

ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవారికి నా మొండిపట్టు తెలుసు. గుర్రాన్ని అంచనా కట్టాలంటే ముందు దాని నడక చూడాలంటాను. అందుకే చలికాలం పొద్దుల్లో ఎల్గిన్ రోడ్డు దాటి, రవీంద్ర సదన్ మీదుగా రేసుకోర్సు వైపు నడుస్తుంటాను. విక్టోరియా మెమోరియల్ మంచులోంచి బయటపడకముందే గుర్రాలు బయటికొస్తాయి. రాయల్ కలకత్తా టర్ఫ్ క్లబ్ పుట్టింది 1847లో. అంతకు ఐదేళ్ల ముందే, 1842లో, ఈ ఊళ్లో అరబ్బీ గుర్రాలతో కలకత్తా డెర్బీ స్టేక్స్ నడిపారు. డెర్బీ అనగానే అందరికీ ముంబయి మహాలక్ష్మి గుర్తొస్తుంది కానీ, అక్కడి ఇండియన్ డెర్బీ మొదలైంది 1943లో. ఆ మాట మా వీధిలో గర్వంగానే చెప్పుకుంటాం.

నడకలో ఏం చూడాలి? వెనక డెక్క, ముందు డెక్క వదిలిన గుర్తు మీద పడితే సరిపోదు. దాన్ని దాటి ముందుకు పడాలి. తడి ఇసుకలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. అలా దాటే గుర్రానికి అంగ బారు. తల నిమ్మళంగా ఊగాలి, చెవులు ముందుకీ పక్కకీ కదులుతుండాలి. చలిలోనూ మెడ మీద నురగలా చెమట పట్టిందంటే, దాని బలం పందెం మొదలుకాకముందే సగం ఖర్చయిపోతోందన్నమాట. ఒంటి మెరుపు లోపలినుంచి రావాలి తప్ప బ్రష్షు వల్ల కాదు. పక్కటెముకలు లీలగా కనిపించాలి. నున్నగా, నిండుగా ఉన్నదాన్ని చూసి మురిసిపోయేవాళ్లు పెళ్లి ఊరేగింపుకు గుర్రాన్ని ఎంచుకోవచ్చు. దాదాపు రెండున్నర కిలోమీటర్ల పందేనికి మాత్రం వద్దు.

బక్క గుర్రాల మాట వస్తే నాకు బాహుకుడు గుర్తొస్తాడు. గుర్రం ఎంపిక గురించి అంతకు మించిన ఘట్టం నేను చదవలేదు. నన్నయ అరణ్యపర్వంలో తెలుగు చేసిన నలోపాఖ్యానమే అది. దమయంతికి మళ్లీ స్వయంవరమని, అదీ మర్నాడేనని అయోధ్యలో ఋతుపర్ణుడికి కబురొస్తుంది. స్వయంవరం జరిగే విదర్భ నూరు యోజనాల దూరం. ఒక్క రోజులో చేరాలి. బాహుకుడనే పేరుతో కురూపి వేషంలో ఉన్న నలుడు గుర్రపు సాలలోకి వెళ్లి, రాజు తొందరపెడుతున్నా తొణక్కుండా ఒక్కొక్కదాన్నీ పరీక్షిస్తాడు. చివరికి చిక్కిన గుర్రాల్ని ఏరుతాడు. సంస్కృత మూలంలో వాటి లక్షణాలు వరసగా ఉన్నాయి. సింధుదేశపు పుట్టుక, వెడల్పాటి ముక్కుపుటాలు, పెద్ద దవడలు, ఒంటి మీద పది సుళ్లు. సుళ్ల సంగతి పక్కన పెట్టినా, ముక్కుపుటాల సంగతి ఇవాళ్టికీ చెల్లుతుంది. గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు. దానికి గాలి వెళ్లే దారి ముక్కు ఒక్కటే.

రాజుకు మండిపోతుంది. బలం లేని వీటితో అంత దూరం ఎలా వెళతాం, నన్ను మోసం చేస్తున్నావా అంటాడు. ఇవే చేరుస్తాయి, వేరే వాటిని కట్టమంటే చెప్పండి, వాటినే కడతాను అంటాడు బాహుకుడు. ఆ తర్వాతి సంగతి చాలామంది మరిచిపోతారు. రాజు గబగబా రథం ఎక్కగానే ఆ గుర్రాలు మోకాళ్ల మీద కూలబడ్డాయి! అప్పుడు నలుడు కొరడా తియ్యలేదు. వాటిని బుజ్జగించాడు. తర్వాత పగ్గాలందుకున్నాడు. దారిలో రాజు ఉత్తరీయం జారిపడింది, రథం ఆపమన్నాడు. అప్పటికే అది యోజనం వెనకపడిపోయింది.

ఈ కథను ఇన్నాళ్లూ నడక, ఒడ్డుపొడుగుల వైపు నా వాదానికి సాక్ష్యంగా చెప్పుకుంటూ వచ్చాను. 1996లో సుప్రీంకోర్టు కూడా మద్రాసు కేసులో గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిందని తీర్పిచ్చింది కనుక, కన్ను తర్ఫీదు పొందితే చాలనిపిస్తుంది. కానీ లోకంలో జరిగింది కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా. 2006లో ఫ్లోరిడా వేలంలో గ్రీన్ మంకీ అనే రెండేళ్ల గుర్రాన్ని కోటీ అరవై లక్షల డాలర్లకు కొన్నారు. ఫర్లాంగు 9.8 సెకన్లలో పరిగెత్తింది. గడియారం మెచ్చుకుంది, ప్రపంచంలోకెల్లా ఆరితేరిన కళ్లూ మెచ్చుకున్నాయి. అది మూడు పందేలు పరిగెత్తి ఒక్కటీ గెలవలేదు. 1975లో సియాటిల్ స్లూ అనే మరో గుర్రం పదిహేడున్నర వేల డాలర్లకే అమ్ముడుపోయింది. దాని ముందు కాలొకటి పక్కకు తిరిగి ఉండేది. నేను చెప్పిన నడక లెక్కలో మొదటి చూపులోనే పక్కన పెట్టాల్సిన గుర్రం అది. 1977లో అదే గుర్రం ఓటమి ఎరగకుండా అమెరికా ట్రిపుల్ క్రౌన్ కొట్టింది.

మరి నలుడికి తెలిసిందేమిటి? ఆయన ఆ పొద్దున దారినపోతూ సాలలోకి తొంగిచూసినవాడు కాదు. ఋతుపర్ణుడి కొలువులో గుర్రాలన్నిటికీ అధ్యక్షుడు. ఆ సాలలోనే మసిలాడు. ఏది ఎంత మేస్తుందో, దేనికి ఏ కంగారో ఎరిగినవాడు. మోకాళ్ల మీద పడ్డ గుర్రం ఆయన బుజ్జగించగానే లేచిందంటే ఆయన చెయ్యి దానికి కొత్తది కాదు.

మన రేసుకోర్సుల్లో ఆ చెయ్యి గుర్రాన్ని సాకే సయీసుది. గట్టి గ్యాలప్ చేసొచ్చిన రాత్రి దాణా తొట్టి ఖాళీ అయిందా, అడుగున మిగిలిందా అన్నది ముందుగా తెలిసేది అతనికే. కుర్ర గుర్రం సంగతిలో దాన్ని మించిన కొలత లేదు. ఒళ్లు అలిసినా తిండి మానని గుర్రానికి ఇంకా సత్తువ దాగుంది. తొట్టి వదిలేసిందంటే, ఎంత మంచి అంకె నమోదు చేసినా ఆ పని దాని శక్తికి మించింది. తెల్లవారి కట్టు విప్పి ముంగాలి నరం మీద అరచెయ్యి పెట్టి వేడి చూసేదీ అతనే. గాయం బయటికి కనిపించకముందే ఆ అరచేతికి తెలుస్తుంది. కంచె ఇవతల నిలబడ్డ నాకు గానీ, బైనాక్యులర్ పట్టుకున్న టిప్స్ పుస్తకం వారికి గానీ ఆ దారి లేదు. నడకైనా, గడియారమైనా బయటివాళ్ల కొలతలే.

అందుకని టిప్స్ రాసేవారికి ఒక మాట. గుర్రం ఇంతవరకు పరిగెత్తిన దూరం గురించి ఎంతైనా రాయండి. పరిగెత్తని దూరం గురించి ‘ఎదురు లేదు’ అనకండి. జనం ఆ మాట నమ్మి ఇంటి డబ్బు తీసుకెళ్తారు. క్లబ్బులకు ఇంకో మనవి. నేను చూసిన రేసు పుస్తకాల్లో యజమాని పేరుంటుంది, ట్రైనర్ పేరుంటుంది, జాకీ పేరుంటుంది, పెంచిన స్టడ్ ఫారం పేరు కూడా ఉంటుంది. వాటి కింద ఒక్క వరస జాగా ఇచ్చి, ఆ గుర్రాన్ని చూసుకునే సయీసు పేరు కూడా అచ్చెయ్యండి.