మిల్లవ్వ పాట

గడచిన ఆదివారము మా పట్టణమున జరిగిన ఒక సంగీతసభలో యువగాయని యొకతె నాట్లపాటను కడు శ్రావ్యముగా పాడినది. పాట ముగియగానే సభానిర్వాహకులు లేచి దానికి ఫలానావారు రచయిత అని ప్రకటింపగా, అంతవరకు విన్న మాధుర్యమంతయు ఆ ఒక్క మాటతో నాకు చేదైపోయెను. ఈ శీర్షికను చిరకాలముగా చదువుచున్న వారికి నా పట్టు తెలియనిది కాదు. పనిపాట పనిలోనుండి పుట్టును, పదిమంది నోళ్ళలో నానును, దానికి కర్తను వెదకుట ఏటినీటికి యజమానిని వెదకుట వంటిదని నేనిచ్చట ఎన్నిమార్లు వ్రాసితినో లెక్కలేదు. ఆ సంగతినే మరల వ్రాయదలచి కాగితములు ముందు పెట్టుకొని కూర్చుంటిని.

ఇంతలో స్కాట్లండులోని డండీ నగరమున చదువుకొనుచున్న మా మేనకోడలు, “మామయ్యా, ఇది విను, నీకు నచ్చుతుంది” అని ఒక పాట పంపినది. అది మేరీ బ్రూక్స్‌బ్యాంక్ పాట; లోకము దానిని జూట్ మిల్లు పాట యనును. రాగము సరళము, నడక త్వరితము. నిండిన కండెలు తీసి వట్టికండెలు వేయు పడుచుపిల్లలకు క్షణకాలమైనను ఊపిరి సలుపనీయని యంత్రవేగమంతయు దాని తాళములో నున్నది.

బెంగాలునుండి ఓడలలో దిగిన పెళుసైన జనపనారను తిమింగిలపు నూనెతోను నీటితోను మెత్తపరచి యంత్రముల కెక్కించు ఉపాయము చిక్కిన పిదప, 19వ శతాబ్దమున డండీ లోకమునకెల్ల గోనెసంచుల కాణాచి యయ్యెను. లోకీ పేటలో కాక్స్ సోదరుల కర్మాగార మొక్కటియే దాదాపు 5,000 మందికి పని యిచ్చెను. 1860లలో కట్టిన దాని పొగగొట్టము 282 అడుగుల ఎత్తున నేటికిని నిలిచియున్నది. ఆడువారికి తక్కువ కూలి యిచ్చిన చాలును గనుక మిల్లుదొరలు వారినే కోరుకొనిరి. పని దొరకక ఇంటిపట్టున నుండిపోయిన మగవారిని ఆ ఊరు టీనీళ్ళు కాచువారని పిలిచెను.

మేరీ 1897లో అబర్డీనులో పుట్టి, బాల్యముననే డండీకి వచ్చి, చట్టమొప్పు వయస్సు రాకమునుపే మిల్లులో కండెలు మార్చు పనికి కుదిరినది. తండ్రి రేవుకూలీల సంఘమునకు పాటుపడినవాడు. ఆమె కమ్యూనిస్టు పార్టీలో చేరి, నిరుద్యోగుల పక్షమున నిలిచి చెరసాల చూచినది. స్టాలినును తప్పుపట్టగా పార్టీయే ఆమెను వెలివేసెను. ఫిడేలు వాయించెడిది. ఆమె పద్యములు, పాటలు 1966లో గ్రంథరూపమున వచ్చునప్పటికి ఆమెకు డెబ్బదియేండ్లు సమీపించినవి, 1978లో మరణించినది. నన్ను పట్టి నిలిపినది వీనిలో ఏదియు కాదు. ఆ పాట ఎట్లు పుట్టినదని అడిగినవారికి ఆమె దాపరికము లేక చెప్పిన మాట నన్ను నిలిపినది. చిన్ననాడు మిల్లుపిల్లలు పాడుకొనగా తాను విన్న తునుక ఒకటి కలదనియు, తక్కిన చరణములు తానే కట్టితిననియు ఆమె చెప్పుకొన్నది. విన్నదేదో, కట్టినదేదో ఆమెకు తెలియును.

ఇది చదివినంతనే మా వీధి చివరింటి అవ్వ నాకు జ్ఞాపకమునకు వచ్చెను. వచ్చిన దిక ఈ వారమంతయు పోలేదు.

మా విజయనగరము ప్రాంతమున నెల్లిమర్లలోను, భీమిలి దగ్గర చిట్టివలసలోను జూట్ మిల్లులుండెడివి. అవి రాకమునుపును, వచ్చిన పిదపను, గంజాము విశాఖ జిల్లాలనుండి వేలాదిమంది హుగ్లీ తీరపు మిల్లులకు కూలికి పోయిరి. అచ్చట మేనేజరు దొరలలో పెక్కురు డండీవారే. అవ్వ తండ్రి వెంట అట్లు పోయి, పెండ్లియైన పిదప తిరిగివచ్చి, మా వైపు మిల్లులోనే ముసలిదైనది. ఆమె మాటాడిన వీధి మొగ వరకు వినబడెడిది. ఎదుటివారు మాటాడునపుడు కన్నులవంక చూడక పెదవులవంకనే చూచెడిది. “సెవులు మిల్లులోనే ఒగ్గీసొచ్చినాను బాబూ” అనెడిది. డండీ నేతశాలల స్త్రీలును ఆ రొదలో చేతిసైగలతోను పెదవుల కదలికతోను మాటాడుకొనెడివారని చదివినపుడు నా కన్నులకు కట్టినది ఈ అవ్వ ముఖమే.

ఒక వేసవి మధ్యాహ్నము అరుగుమీద కూర్చుండి ఆమె నాకు కండె మార్చుట చూపినది. ఎడమచేత నిండుకండెను ఊడబెరుకుటయు, కుడిచేత వట్టికండెను దిగవేయుటయు, తెగిన పోగును బొటనవ్రేలితో చూపుడువ్రేలితో నులిమి అతుకుటయు, అంతయు గాలిలోనే, రెప్పపాటులో జరిగిపోయెను. ఆ రెండు వ్రేళ్ళ కొనలు నారపోగు రాపిడికి గీతలన్నియు అరిగి గాజువలె నున్ననై యుండెను. చేతులాడుచుండగనే నోట పాట వచ్చినది. మిల్లు కూత వినగానే చంటిబిడ్డను ఒడిలోనుండి దింపి పరుగెత్తు తల్లి పాట యది. నేను దానిని నోటుపుస్తకమున వ్రాసికొంటిని. కొన్ని నెలలకు ఒక పత్రికలో నా వ్యాసముతోపాటు అచ్చయినది. క్రింద జానపదమని యుండెను.

ఆ సంచిక తీసికొనిపోయి చూపగా అవ్వ అక్షరములమీద వ్రేలు పెట్టి, “నా పేరు యే కాడుంది బాబూ?” అని అడిగినది. ఇటువంటి పాటలకు పేర్లుండవు, ఇవి అందరివి అని నేను గర్వముగానే చెప్పితిని. “అందరిదీ ఔతాదేటి? మొదట రెండు ముక్కలూ మాయమ్మవి, కడమ నాను కట్టినాను” అని ఆమె అనుటయు నేను వింటిని. విని, జానపదులకు కర్తృత్వజ్ఞానముండదని అప్పటికే స్థిరపరచుకొన్నవాడను గనుక, ఆ మాటను లెక్కచేయనైతిని.

ఎడింబరోలోని స్కాట్లండు పార్లమెంటు భవనపు గోడలో మేరీ మాటలు శిలపై చెక్కిరి; ఆమె పేరును చెక్కిరి. ఆ రాతిని చూచి ఆ పాట మిల్లుపిల్లలది కాకపోయినదని ఎవ్వరును అనలేదు. సభలో పేరు ప్రకటించినవారిమీద నేను వ్రాయబూనిన నాలుగు పుటలను చింపివేసితిని. నాట్లపాటను కట్టిన ఆ రచయిత ఏ మడిలో ఎవరినోట ఏ ముక్క వినెనో అడిగి తెలిసికొని వ్రాయుట నా పని. ఆ పని నేను చేయలేదు.

పాత నోటుపుస్తకము అటకమీదినుండి దింపించితిని. పుట దొరకినది. పాట యున్నది, తేదీ యున్నది, ఊరిపేరున్నది. అవ్వ పేరు లేదు. కన్నులు మూసికొని ఎంత ఆలోచించినను నాకు తోచుట లేదు. వీధి వారందరును ఆమెను మిల్లవ్వ యనియే పిలిచెడివారు, నేనును అంతే. ఇంకను ఆ ఊరిలోనే యున్న మా పినతండ్రి కుమారునికి బుధవారమునాడు ఉత్తరము వ్రాసితిని: చివరింటి వారి మనుమలెవరైన నున్నచో ఆమె పేరును, ఇంటిపేరును, తెలిసిన యెడల ఆమె తల్లి పేరును కూడ అడిగి వెంటనే తెలుపవలసినదని.