సున్నా ఎక్కడ పెట్టాలి?

కడప జిల్లా ఖాజీపేటలో కొత్త ఇంటికి ముగ్గు పోసే రోజు పొద్దున మేస్త్రీ మొదట అడిగే మాట ఒకటే. "యా మూల పట్టుకోవాలన్నా?" గదులెన్ని, తలుపు ఎటు అన్నవి అప్పటికే కాగితం మీద ఉంటాయి. అయినా ఒక మూలన మేకు దిగందే దారం కదలదు. ఆ మేకు నుంచి తూర్పుకు ఒక దారం, ఉత్తరానికి ఇంకో దారం లాగుతారు. తూర్పు దారం మీద 3 అడుగుల దగ్గర ఒక గుర్తు, ఉత్తరపు దారం మీద 4 అడుగుల దగ్గర మరో గుర్తు పెట్టి, రెండు గుర్తుల మధ్య టేపు పడతారు. సరిగ్గా 5 అడుగులు వస్తే మూల మట్టానికి వచ్చినట్టు. గోడ లేచేటప్పుడు పైనుంచి గుండు నూలు వదులుతారు.

తూర్పు, ఉత్తరం, నిలువు. కంప్యూటర్లో త్రీడీ మోడల్ చేసే సాఫ్ట్‌వేర్ ఏది తెరిచినా మొదట ఎదురయ్యేవి ఈ మూడు గీతలే. ఎర్రది ఎక్స్, పచ్చది వై, నీలంది జడ్. మేకు దిగిన చోటు మూలబిందువు. బడిలో నిరూపక జ్యామితి పాఠంలో చదివి పరీక్ష రాసి మరిచిపోయిన మాట అది. సెలవులకు ఇంటికొచ్చిన పిల్లలకు నేను ఈ పని నేర్పుతుంటాను. పులివెందుల జేఎన్టీయూ కాలేజీలోనో, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో చదివేవాళ్లు వాళ్లు. కూర్చున్న వెంటనే పెట్టె గీస్తారు, స్తంభం గీస్తారు, రంగులేస్తారు. సున్నా ఎక్కడ పెట్టావని అడిగితే నా ముఖం చూస్తారు. నేర్పాల్సింది అక్కడే మొదలవుతుంది.

చుక్కల ముగ్గు పెట్టే ఆడవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. 15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు అనుకుంటే ముందు నడిమి వరుస 15 చుక్కలూ పెట్టేస్తారు. ఆ వరుసకు పైనా కిందా ఒక్కొక్క చుక్క తగ్గిస్తూ పోతారు. మొత్తం 169 చుక్కలు. నడిమి వరుస వంకరపోతే ముగ్గంతా వంకరే. అందుకే గీత కంటే ముందు చుక్క, చుక్కల్లో ముందు నడిమి వరుస. కంప్యూటర్లో గ్రిడ్, స్నాప్ అన్న రెండు బొత్తాలు చేసేదీ ఈ పనే.

మన ఊళ్లలో దారి చెప్పడం రెండు రకాలు. "కాలవ గట్టుకు పడమర" అంటే ఎవరు ఎటు తిరిగి నిలబడ్డా అర్థం మారదు. "నీ ఎడంచేతి పక్క" అంటే మాత్రం నువ్వెటు తిరిగి ఉన్నావో తెలియాలి. మొదటిది సాఫ్ట్‌వేర్ భాషలో వరల్డ్ కోఆర్డినేట్ సిస్టమ్. అది ఎవరికోసమూ కదలదు. రెండోది యూజర్ కోఆర్డినేట్ సిస్టమ్, పొట్టిగా యూసీఎస్. పనిచేసేవాడు తనకు వీలైన చోట, వీలైన వాలులో వేసుకునే సొంత దిక్కులివి. ఆటోక్యాడ్‌కు ఈ సౌకర్యం 1988లో పదో విడుదలతో వచ్చింది. త్రీడీ పనిని మామూలు డ్రాఫ్ట్స్‌మన్ చేతికి అందించిన మార్పుల్లో దీన్నే నేను ముందు లెక్కపెడతాను.

ఎందుకో మన పక్క ఉదాహరణే చెబుతాను. జమ్మలమడుగు దగ్గర మైలవరంలో సోలార్ పార్కు ఉంది కదా. ఒక పలకను 15 డిగ్రీల వాలులో నిలబెట్టాలనుకోండి. కింది అంచు నుంచి వాలు వెంబడి 400 మిల్లీమీటర్ల దగ్గర బోల్టుకు రంధ్రం వేయాలి. లోకం దిక్కుల్లోనే గీస్తానంటే సైన్లు, కొసైన్లు లెక్కకట్టి, అడ్డంగా 386.4, ఎత్తు 103.5 అని రాసుకోవాలి. అలాంటి రంధ్రాలు నాలుగుంటే నాలుగు లెక్కలు. ఎక్కడో ఒకచోట తప్పు దొర్లుతుంది. యూసీఎస్ కమాండ్‌లో మూడు బిందువుల పద్ధతి ఎంచుకుని, పలక మూల మీద ఒక క్లిక్కు, కింది అంచు మీద ఒకటి, పక్క అంచు మీద ఒకటి ఇస్తే చాలు. సున్నా పలక మూలకు వచ్చి కూర్చుంటుంది, పలక నేలవుతుంది. ఇప్పుడు 400 అంటే 400. పని అయ్యాక మాత్రం మళ్లీ వరల్డ్‌కు తిరిగి రావాలి. ఆ ఒక్కటి మరిచిపోతే తర్వాత గీసిన గోడలన్నీ 15 డిగ్రీలు వాలి లేస్తాయి.

కొలత చెప్పడంలోనూ ఇదే తేడా. 10,20 అని కొడితే సున్నా నుంచి కొలత. ముందు అట్ గుర్తు పెట్టి కొడితే చివర ఆగిన చోటు నుంచి కొలత. దూరం, కోణం ఇస్తే తూర్పును సున్నాగా పట్టి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పుకుంటుంది. డైనమిక్ ఇన్‌పుట్ ఆన్‌లో ఉంటే రెండో బిందువు నుంచి అట్ గుర్తు లేకపోయినా చివరి చోటు నుంచే కొలుస్తుంది. ఇది తెలియక కొత్తవాళ్లు గంటలు గంటలు పోగొట్టుకుంటారు.

ఇక చూపు సంగతి. దీని మీద ఎక్కువసేపు నిలబడాలి.

ప్రొద్దుటూరు బంగారానికి పేరున్న ఊరు. అక్కడ ఉంగరం మీద నగిషీ చెక్కే ఆచారిని చూడండి. లక్కలో నిలిపిన ఉంగరాన్ని వేళ్లతో తిప్పుకుంటూ చెక్కుతాడు. ఉంగరం తిరుగుతుంది, ఆయన కూర్చునే ఉంటాడు. మైదుకూరు, చాగలమర్రి దాటి ఆళ్లగడ్డ పోతే అక్కడ రాతి శిల్పులుంటారు. నిలువెత్తు విగ్రహం చెక్కే శిల్పి రాయిని తిప్పలేడు, తానే రాయి చుట్టూ తిరుగుతాడు. కంప్యూటర్ తెర మీద ఈ రెండు పనులూ కంటికి ఒకేలా కనిపిస్తాయి. ఆర్బిట్ అంటే శిల్పి నడక. వస్తువు ఉన్నచోటే ఉంటుంది, చూసే కన్ను తిరుగుతుంది. రొటేట్ అంటే ఆచారి వేళ్లు. వస్తువే కదులుతుంది, దాని నిరూపకాలన్నీ మారిపోతాయి.

నాకిది నష్టంతో తెలిసింది. ఒక గేటు కమ్మీల అమరిక గీస్తూ, అడుగు భాగం చూద్దామని చూపు తిప్పబోయి వస్తువునే తిప్పేశాను. 3 డిగ్రీలు మాత్రమే. తెర మీద తేడా తెలియలేదు. మీటరు పొడవు కమ్మీకి 3 డిగ్రీలంటే కొస దగ్గర 52 మిల్లీమీటర్లు పక్కకు జరిగినట్టు. ఇనుము కోసేశాక బయటపడింది. ఆనాటి నుంచి పిల్లలతో మొదటి రోజు ఏమీ గీయించను. గండికోట మాధవరాయస్వామి గుడి మండపాన్ని ఉజ్జాయింపుగా గీసి ఉంచాను. దాని చుట్టూ తిరగమంటాను, స్తంభాల మధ్య నుంచి పొమ్మంటాను, కప్పు కింద నిలబడి పైకి చూడమంటాను. ఏ స్తంభమూ ఇంచు కదలకూడదు.

బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో మౌసు మధ్య బొత్తం పట్టి లాగితే చుట్టూ తిరుగుతాం, షిఫ్ట్ కలిపితే పక్కకు జరుగుతాం, చక్రం తిప్పితే దగ్గరకు పోతాం. నంబర్ ప్యాడ్ మీద 1 నొక్కితే ముందు నుంచి, 3 నొక్కితే కుడి పక్క నుంచి, 7 నొక్కితే పైనుంచి కనిపిస్తుంది. ఆటోక్యాడ్‌లో తెర మూలన ఉండే చిన్న పాచికలాంటి వ్యూక్యూబ్ ముఖాల మీద నొక్కినా ఇంతే. ఒక్కోసారి చక్రం ఎంత తిప్పినా ముందుకు పోలేం, కంప్యూటర్ పాడైందని భయపడతారు పిల్లలు. పాడు కాలేదు. చూపు ఏ బిందువు చుట్టూ తిరుగుతోందో దాని దాకా వచ్చేశాం, అంతే. కావలసిన వస్తువును పట్టుకుని నంబర్ ప్యాడ్ మీది చుక్క బొత్తం నొక్కితే, ఇక తిరగడమంతా దాని చుట్టూనే.

5 నొక్కితే జరిగే మార్పును మాత్రం చాలామంది పట్టించుకోరు. పర్‌స్పెక్టివ్‌లో దూరపు స్తంభం చిన్నదిగా కనిపిస్తుంది, మన కళ్లు చూసినట్టే. ఆర్థోగ్రాఫిక్‌లో దగ్గరదీ దూరందీ ఒకే ఎత్తు. మండపంలో నడిచిన అనుభూతికి మొదటిది కావాలి. ఒకటి ఇంకోదానికి సరిగ్గా ఎదురుగా ఉందా అని తేల్చుకోవడానికి రెండోది కావాలి. అదీ ఒక్క చూపుతో తేలదు. ముందు నుంచి చూస్తే గోడకు అతికినట్టు కనిపించే దీపపు గూడు, పైనుంచి చూస్తే గోడకు మీటరు ఇవతల గాలిలో ఉండవచ్చు. అందుకే రెండు చూపులూ కలవాలి. 18వ శతాబ్దం చివర ఫ్రాన్స్‌లో గాస్పార్ మాంజ్ శాస్త్రంగా కూర్చిపెట్టింది ఈ సూత్రాన్నే. మన ఇంజనీరింగ్ మొదటి ఏడాది డ్రాయింగ్ షీట్ల మీద ముందు చూపు కింద పై చూపు గీయించేదీ అందుకే. 1963లో ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ కంప్యూటర్ తెర మీద బొమ్మలు గీసే స్కెచ్‌ప్యాడ్ చేశాడు. ఆ ఏడాదే అక్కడే తిమోతీ జాన్సన్ దాన్ని మూడు కొలతలకు విస్తరిస్తూ తెరను నాలుగు గదులు చేశాడు. పైచూపు, ముందు చూపు, పక్క చూపు, నాలుగో గదిలో పర్‌స్పెక్టివ్. ఇవాళ్టి సాఫ్ట్‌వేర్లలోనూ ఆ నాలుగు గదులు అలాగే దొరుకుతాయి.

సున్నా దూరమైతే ఏమవుతుందో చెప్పి తీరాలి, ఎందుకంటే మన పిల్లలు ఇప్పుడు పొలాల కొలతలు కూడా గీస్తున్నారు. జీపీఎస్ సర్వేలో ఖాజీపేట యూటీఎం 44వ జోన్‌లోకి వస్తుంది. ఇక్కడి ఏ గెనెం మూలనైనా భూమధ్యరేఖ నుంచి లెక్కకడతారు కాబట్టి ఉత్తరపు అంకె 16 లక్షల మీటర్లు దాటుతుంది. ఆ అంకెల్ని ఉన్నవున్నట్టు బ్లెండర్‌లో పోస్తే మోడల్ వణుకుతుంది, అంచులు చిరిగినట్టు కనిపిస్తాయి. అంకెల్ని అది 32 బిట్లలో దాచుకుంటుంది. 16 లక్షల దగ్గర ఆ పద్ధతిలో పక్కపక్క అంకెల మధ్య ఎడం 12.5 సెంటీమీటర్లు. జానెడులో సగం పైనే. గోడ మందం అందులోనే కరిగిపోతుంది. మందు సులువే. పొలం ఒక మూలను సున్నా చేసుకుని, అసలు అంకెను పక్కన రాసి పెట్టుకోవాలి. మేస్త్రీ మేకు దింపినట్టే.

ఫైలు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పోయేటప్పుడూ ఇలాంటి చిక్కులుంటాయి. బ్లెండర్‌కు పైదిక్కు జడ్, మాయాకు మామూలుగా వై. చూసుకోకపోతే నిలబడ్డ గోపురం వెల్లకిలా పడుకుంటుంది. త్రీడీ ప్రింటుకు పంపే ఎస్టీఎల్ ఫైలులో అంకెలే ఉంటాయి, అవి ఇంచులో మిల్లీమీటర్లో రాసి ఉండదు. తప్పు పడితే ఉంగరం 25.4 రెట్లు తేడా వస్తుంది.

సున్నా పెట్టుకోవడం ఎంత ముఖ్యమో, దాన్ని పోగొట్టుకోకపోవడం అంత ముఖ్యం. ఫ్రీక్యాడ్ లాంటి వాటిలో ఒక ముఖం మీద స్కెచ్ గీసి, దాని మీద ఇంకోటి, దాని మీద మరోటి వేసుకుంటూ పోవచ్చు. ఏదో ఒకరోజు కింది కొలత మారుస్తాం. సాఫ్ట్‌వేర్ లోపల ఆ ముఖానికి పెట్టుకున్న పేరు మారుతుంది, పైన కట్టినదంతా కూలుతుంది. 2024 నవంబరులో వచ్చిన ఫ్రీక్యాడ్ 1.0 ఈ బెడదను చాలావరకు తగ్గించింది. అయినా నేను పిల్లలకు చెప్పేది పాత పద్ధతే. ముఖ్యమైన స్కెచ్‌లన్నీ మూలబిందువు దగ్గరి మూడు తలాలకే కట్టండి. చెక్కితే పోయేదానికి కట్టవద్దు.

రాయి మీద పని చేసేవాళ్లకు ఈ బాధ ఎప్పటి నుంచో తెలుసు. మానసారమనే శిల్పశాస్త్ర గ్రంథంలో గుండు నూలు కొలతలకు ఒక అధ్యాయమే ఉంది. శిల్పి రాతి మీద ముందు గీసేది బ్రహ్మసూత్రం, నడినెత్తి నుంచి పాదాల మధ్యకు దిగే నిలువు గీత. కుడి కన్నెంత దూరం, ఎడమ భుజమెంత దూరం అన్నవన్నీ దాని నుంచే. కానీ ఉలి పడగానే మొదట పోయేదీ ఆ గీతే. అందుకని ఒక పొర దిగిన ప్రతిసారీ పని ఆపి, నూలు పట్టి, ఎర్రగా మళ్లీ గీస్తారు. ముక్కు లేస్తుంది, పెదవులు తేలతాయి, గీత మళ్లీ పడుతూనే ఉంటుంది. అన్నిటికన్నా చివర కళ్లు తెరిచే నాటికి కూడా అది ముఖం మధ్యలో ఎర్రగా ఉంటుంది.