తడి ఆరేలోపు

జాన్ సింగర్ సార్జెంట్ 1904లో వెనిస్‌లోని శాంటా మరియా డెల్లా సాల్యూటే చర్చిని నీటిరంగుల్లో వేశాడు. ఆ బొమ్మను దూరం నుంచి చూస్తే నాలుగు పూతలు చకచకా పూసి లేచిపోయాడనిపిస్తుంది. దగ్గరికెళ్తే రంగు కింద పెన్సిలు గీతలు బయటపడతాయి. కట్టడమంతా లెక్కగా గీసుకున్నాకే కుంచె తడిపాడు. స్వేచ్ఛగా పారే నీటిరంగుల మీద మనసుపడ్డవాళ్లు ముందు చూడాల్సింది ఆ గీతల్నే.

సార్జెంట్ అప్పటికే సంపన్నుల రూపచిత్రాలకు పేరుమోసినవాడు. 1907 ప్రాంతంలో ఆ పని దాదాపు మానుకున్నాడు. 1909లో బ్రూక్లిన్ మ్యూజియం ఆయన నీటిరంగు చిత్రాలు 83 ఒకేసారి కొన్నది. తైలవర్ణాల పక్కన చాలామంది తక్కువగా చూసిన మాధ్యమానికి అది చిన్న గౌరవం కాదు.

స్వేచ్ఛగా పారే ఈ శైలిలో సగం విద్య కాగితం మీది తడిని కనిపెట్టడమే. నీళ్లు నిలిచి మెరుస్తున్నప్పుడు రంగు తాకిస్తే అది ఎటు పోతుందో చెప్పలేం. ఆకాశానికీ పొగమంచుకూ అదే కావాలి. మెరుపు పోయి, కాగితం వేలికి చల్లగా మాత్రమే తగిలేటప్పుడు చిక్కటి రంగు పెడితే అంచులు మెత్తగా విచ్చుకుని అక్కడే ఆగుతాయి. దూరపు చెట్లు పుట్టేది ఆ కాసేపట్లోనే. పూర్తిగా ఆరాక వేసిన పూతకు అంచు పదునుగా నిలుస్తుంది. ప్రమాదమంతా సగం ఆరిన పూతతోనే. నీళ్లోడే కుంచె దానికి తగిలిందా, కొత్త నీరు పాత రంగును బయటికి నెట్టేసి కాలీఫ్లవర్ లాంటి మరక చేస్తుంది. అందుకే కాగితం ఆరేకొద్దీ కుంచెలో నీరు తగ్గాలి, రంగు పెరగాలి. ఎంత చదివినా ఇది చేతికి తెలియాల్సిందే.

మన దగ్గర ఈ లెక్క ఊరికీ కాలానికీ మారుతుంది. మే నెల హైదరాబాదులో పూత చూస్తుండగానే ఆరిపోతుంది. వానాకాలపు విశాఖలో ఎంతకీ ఆరదు. ఎండల్లో కాగితాన్ని రెండువైపులా తడిపి గాజుపలక మీద పరిస్తే తడి ఎక్కువసేపు ఉంటుంది. కాగితం దగ్గర మాత్రం పొదుపు వద్దు. చదరపు మీటరుకు 300 గ్రాముల నూలు కాగితం నీటిని పట్టి ఉంచుతుంది. పల్చటి డ్రాయింగు కాగితం ఉబ్బుతుంది, రంగంతా గుంటల్లోకి చేరుతుంది. పెద్ద రంగుల పెట్టెకు బదులు ఆరు గొట్టాలు కొని, మిగిలిన డబ్బు కాగితానికి పెట్టడం మేలు.

పారదర్శకమైన రంగుల్లో తెలుపంటే కాగితమే. వెలుగు ఎక్కడ పడాలో మొదటి పూతకు ముందే తేల్చుకుని ఆ చోటు వదిలేయాలి. కొందరు దీన్ని తెల్లరంగు ముట్టకూడదన్న మడిగా మార్చుకుంటారు. సార్జెంట్‌కు ఆ పట్టింపు లేదు. అవసరమైతే దళసరి తెలుపు వాడాడు, నీరు అంటకుండా మైనమూ రుద్దాడు.

ఆ ఆరింటిలోనూ కొత్తవాళ్లకు మొదట అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు చాలు. కలిపితే చల్లటి, వెచ్చటి బూడిదరంగులన్నీ వస్తాయి. ఆరాక రంగు పలచబడుతుంది కనుక అనుకున్నదానికంటే ఒక పాలు చిక్కగా పెట్టాలి. లావుపాటి కుంచె ఒక్కటే పట్టుకుని ఇంటి ముందరి వేపచెట్టును వేయండి. ఆకులు లెక్కపెట్టకండి, నీడ ఎటు పడిందో చూడండి.