తర్కసంగ్రహము: పరిమాణము, దూరము

అన్నంభట్టు తెలుగువాడు. 17వ శతాబ్దమున ఆయన రచించిన ‘తర్కసంగ్రహము’ న్యాయ వైశేషిక శాస్త్రములకు ప్రవేశగ్రంథముగా నేటికిని చదువబడుచున్నది. నేటి విజ్ఞానమంతయు ఇట్టి గ్రంథములలోనే యున్నదని కొందరును, వానిలో ఏమియు లేదని మరికొందరును విద్యార్థులకు చెప్పుచుందురు. రెండును తొందరపాటు తీర్పులే. వస్తువుల పరిమాణమును గూర్చి ఈ గ్రంథము చెప్పినదానిని పరిశీలించినచో ఈ సంగతి తేటపడును.

గ్రంథకర్త గుణములను 24గా లెక్కించెను. వానిలో పరిమాణమొకటి. అణువు, మహత్తు, దీర్ఘము, హ్రస్వము అని అది నాలుగు విధములు. దూరమును తెలుపు పరత్వము, సామీప్యమును తెలుపు అపరత్వము వేరు గుణములు. పరిమాణమును దూరమును ఇట్లు విడదీయుట మెచ్చదగిన వివేకము. ఏలయన, కంటిలో అవి రెండును కలిసిపోవును.

సంశయమునకు ఈ శాస్త్రము చూపు ఉదాహరణమునే గమనింపవచ్చును. దూరమున కనబడునది మోడా, మనిషా? ఖమ్మం జిల్లా వేంసూరు వంటి ఊళ్లలో మునిమాపువేళ ఎవరికైనను కలుగు సందేహమే యిది. 100 మీటర్ల దూరమున 170 సెంటీమీటర్ల మనిషియు, 50 మీటర్ల దూరమున 85 సెంటీమీటర్ల మోడును ఉన్నచో, రెండును కంటివద్ద ఇంచుమించు 1 డిగ్రీ కోణమునే చేయును. నేత్రపటలముపై వాని ప్రతిబింబముల ఎత్తు సమానము. ఏది పెద్దదో ప్రతిబింబమొక్కటే చెప్పజాలదు.

గ్రంథపు లోపము ఇచ్చటనే బయటపడుచున్నది. కుండను చూచుటకు కంటికిని కుండకును సంయోగము కారణమని అన్నంభట్టు చెప్పెను. కాని చూపు వెళ్లి వస్తువును తాకదు. వస్తువునుండి వెలుగే కంటికి వచ్చును. 11వ శతాబ్దముననే ఇబ్న్ అల్ హైథమ్ ఈ మతమును ప్రతిపాదించెను. సంయోగమే చాలినచో, దూరము పెరిగినకొలది సందేహమేల పెరుగవలెను? విశేషములు కనబడకపోవుటచేతనని నైయాయికుల సమాధానము. అది నిజమే. కాని అవి కనబడకపోవుటకు కారణము కోణము చిన్నదగుటయే.

మెదడు ఆ లోటును అనేక గుర్తులతో పూరించుకొనును. సుమారు 6 సెంటీమీటర్ల ఎడముననున్న రెండు కన్నులకు కొంచెము వేరైన ప్రతిబింబములు ఏర్పడును. దగ్గరి వస్తువుల దూరమును ఈ తేడా తెలుపును. దూరపు వస్తువులకు ఒకటి మరొకదానిని కప్పుట, నేల తీరు, ముందే తెలిసిన పరిమాణము సాయపడును. ఒక కన్ను మూసికొని, చేతులు చాచి రెండు పెన్సిళ్ల మొనలను తాకించుటకు విద్యార్థులు ప్రయత్నించినచో ఇందలి మొదటి గుర్తు విలువ బోధపడును.

పరిమాణమనగా నేమి అను ప్రశ్నను తర్కసంగ్రహము శ్రద్ధగా వర్గీకరించెను. అది మనకెట్లు తెలియుననుటకు మాత్రము ప్రయోగమే ప్రమాణము. తరగతిలో ఈ రెండింటిని వేరుచేసి చెప్పుట అన్నంభట్టునకును, విద్యార్థులకును న్యాయము చేయుట యగును.